నెమలి వెన్నుకడ్డీ

చిత్రశిలా నగరానికి వచ్చే పరదేశులు ముందు కోటను చూసేవారు కారు, సరోవరాలను చూసేవారు కారు. తిన్నగా కొలువుకూటానికి దారి అడిగేవారు. అక్కడ పన్నెండు చందన స్తంభాల నడుమ, దంతపు సింహాసనానికి సరిగ్గా పైన, ఒక కంచు నెమలి వాలి ఉండేది. దాని మెడ ఇంద్రనీలం, కాళ్ళు పసిడి, ముక్కు పగడం. పింఛం నిండా వెయ్యిన్నొక్క గాజు కన్నులు. తూర్పు గవాక్షంలోంచి ఎండ లోపలికి అడుగుపెట్టగానే ఆ కన్నులన్నీ ఒక్కసారిగా మేల్కొని, పాలరాతి నేల మీద రంగురంగుల చేపపిల్లల్లా ఈదులాడేవి. ఎవరైనా కాస్త గట్టిగా ఊపిరి విడిచినా ఆ పింఛం వణికేది. వణికే పింఛం వెలుగు ఎవరి మీద పడితే వారి మారువేషం అక్కడికక్కడే ఊడిపోయేది. అందుకే ఆ రాజ్యంలో నెమలి నీడన కూర్చోనిదే ఎవరికీ పట్టం కట్టేవారు కారు.

ఆ వెయ్యిన్నొక్క కన్నులనూ మోసేది ఒకే ఒక్క ఇనుప ఊచ. తొమ్మిది మూరల పొడవు. మొదట్లో బొటనవేలంత లావు, పోనుపోను సన్నబడి చివరికి నువ్వుగింజ మొన. దానిని వెన్నుకడ్డీ అనేవారు. చేసినవాడు కొలిమిమిట్ట కమ్మరి రుద్రోజు. ఆయన కాలం చేసి ఇరవై ఏళ్ళయింది. అలాంటి ఊచ ఇప్పుడు ఎవరైనా చేయగలిగితే అతని మనవడు కేతోజే చేయాలని ఊళ్ళో అనుకునేవారు. కేతోజు మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు. పాతికేళ్ళ వయసులో అతను చేసినవన్నీ నాగటి కర్రులు, కొడవళ్ళు, బండి కమ్ములు.

యువరాజు అనంతపాలుడి పట్టాభిషేకం ఎల్లుండి అనగా, పొద్దున్నే కొలిమిమిట్టకు ఒక పల్లకీ వచ్చింది. ముగ్గురు మనుషుల బరువున్నట్టు బోయీలు ఒంగిపోయి నడుస్తున్నారు. పల్లకీ తెర తొలగించుకుని ఒక్క మనిషే దిగాడు. మంత్రి సోమంకరుడు. తెల్లని గడ్డం, భుజాన పచ్చ పట్టుశాలువ, బుగ్గలో తాంబూలం పెట్టుకున్నట్టు చిన్న ఉబ్బు.

"రుద్రోజు మనవడివి నువ్వేనా?"

"ఔను దేవరా."

"నెమలి వెన్నుకడ్డీ విరిగింది."

కేతోజు ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉండిపోయింది. "తాత చేసిన ఊచ విరగడమేంటి దేవరా? ఎట్లా విరిగింది?"

"ఎలాగని అడగకు. రేపు పొద్దెక్కేసరికి కొత్తది కావాలి." మంత్రి మొలలోంచి ఒక పట్టుదారం తీశాడు. దానికి మూరకొక ముడి, ముడికొక వెండి ఉంగరం. మొదటి ఉంగరం బొటనవేలికి పట్టేంత, చివరిది సూదిబెజ్జమంత. "ప్రతి ముడి దగ్గరా ఊచ ఆ ఉంగరంలో బిగుతుగా పట్టాలి. నెమలికంఠం రంగు వచ్చేదాకా కాచి పదును పెట్టు. వంగాలి, వణకాలి, విరగకూడదు. ఇంకొక మాట. ఈ సంగతి కోటలో ఎవరితోనూ అనకు. నాతో కూడా."

"తమరితో కూడానా దేవరా?"

"నాతో కూడా," అని మంత్రి పల్లకీ ఎక్కి వెళ్ళిపోయాడు.

కేతోజు దారం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కొలిమి పక్కన తిత్తి ఊదుతున్న అతని మేనత్త ఏచమ్మ బయటికి వచ్చింది. యాభై దాటిన మనిషి. భర్త పోయినప్పటి నుంచి మేనల్లుడికి ఎదురుగా నిలబడి సమ్మెట కొట్టేది ఆమే. ఆమె దెబ్బకు దాగలి కింది మొద్దు ఏటా ఒక వేలు భూమిలోకి దిగేది.

"ఆయనతో అనొద్దని ఆయనే చెప్పాడంటే ఏమైనట్టురా కేతా?" అంది.

"నాకు తెలిస్తే నీకు చెప్పనా అత్తా."

"సరేలే. పెద్దోళ్ళ మాట పెద్దోళ్ళకే తెలవాలి. ఇనుము కాలెయ్యి."

అటక మీద తాతనాటి ఉక్కుముద్ద ఒకటి ఉంది. మేలైన పని వస్తే వాడుకోమని ఆయన చెప్పి పోయాడు. కేతోజు దానిని కొలిమిలో పెట్టాడు. ముద్ద ముందు ముదురెరుపు, తర్వాత మోదుగపూవు, తర్వాత నిమ్మపండు రంగు తిరిగింది. పట్టకారుతో తెచ్చి దాగలి మీద పెట్టగానే ఏచమ్మ సమ్మెట పడింది. ముద్ద దిమ్మె అయింది, దిమ్మె పట్టీ అయింది, పట్టీ కడ్డీ అయింది. మొన తీసే ఊచను మొదటే గుండ్రంగా కొడితే లోపల చీలుతుంది. ముందు నాలుగు పలకలుగా సాగదీయాలి. సన్నబడవలసినంత సన్నబడ్డాక అంచులు కొట్టి ఎనిమిది పలకలు చేయాలి. గుండ్రన చేయడం ఆఖరి పని. ఒకచోట కాచి కొడుతుంటే రెండోచోట వంకరపోయేది. వంకర తీస్తే మొదటిచోట మళ్ళీ వంగేది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తొమ్మిది మూరల నాలుగు పలకల ఊచ పామును దండెం మీద ఆరేసినట్టు వాకిట్లో ఆరింది.

సరిగ్గా అప్పుడే ఒక నల్లగుర్రం ముంగిట్లో ఆగింది. దాని మీద ఒంటరిగా వచ్చినవాడు మంత్రి సోమంకరుడు. అదే గడ్డం, అదే పచ్చ శాలువ. బుగ్గలో తాంబూలం మాత్రం లేదు.

"కేతోజూ, పొద్దున నీకు ఏ పదును పెట్టమన్నాను?"

కేతోజు తల గోక్కున్నాడు. నాతో కూడా అనొద్దన్నవాడు ఇప్పుడు తనే అడుగుతున్నాడు. చెప్పాలా వద్దా? చెప్పకపోతే మంత్రి మాట కాదన్నట్టు, చెప్పినా మంత్రి మాట కాదన్నట్టే.

"నెమలికంఠం రంగన్నారు దేవరా."

"కాదు. గడ్డిరంగు. ఎండుగడ్డి పసుపు తిరగ్గానే నీళ్ళలో ముంచి ఆపెయ్యి."

"గడ్డిరంగు ఉలికి పెట్టే పదును దేవరా. ఇంత సన్నని ఊచకు ఆ పదును పెడితే గాజుకడ్డీలాగా..."

"నెమలికి కొత్త కన్నులు పొదిగించాం. పాతవాటికి రెట్టింపు బరువు. వంగే ఊచ వాటిని మోయలేదు. నీ తాత ఉంటే ఈపాటికి అర్థం చేసుకునేవాడు."

ఆ మాటా సబబుగానే ఉంది. కేతోజు గొణిగాడు: "పొద్దున తమరు ఎవరితోనూ అనొద్దని, తమరితో కూడా అనొద్దని..."

మంత్రి కళ్ళు ఒక్క క్షణం పసుపుపచ్చగా మెరిసినట్టు అనిపించింది. ఎండ వల్ల కావచ్చు. "అన్నాను. అది పరీక్ష. నువ్వు ఓడిపోయావు. ఈసారి తప్పావంటే నీ కొలిమిలో నీ చేతులే బొగ్గులవుతాయి," అని గుర్రాన్ని తిప్పుకుని పోయాడు.

ఏచమ్మ సమ్మెట మీద గడ్డం ఆనించి, "ముసలాయనకు మతి తప్పింది," అంది.

"మతి తప్పింది ఆయనకో నాకో కోటకు పోయి కనుక్కుని వస్తా."

అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుని, మసి మొహం కడుక్కోవడం కూడా మరిచి, కేతోజు కోటకు పరుగెత్తాడు.

మంత్రి గృహంలో కర్పూరం, శొంఠి వాసన కలిసి వస్తోంది. ద్వారపాలకుడు అతన్ని పడకగదికి తీసుకుపోయాడు. సోమంకరుడు మూడు కంబళ్ళ కింద వణుకుతూ పడుకుని ఉన్నాడు. నుదుటి మీద తడిగుడ్డ. కన్నులు గుంటలు పడ్డాయి. గంట కిందట గుర్రం మీద కూర్చున్న మనిషి కాదది.

కేతోజు చేతులు కట్టుకుని, "దేవరా, ఒక మాట అడగాలి. కానీ తమరితో అనొద్దని తమరే అన్నారు," అన్నాడు.

మంత్రి నీరసంగా ద్వారపాలకుడి వైపు తిరిగాడు. "ఎవరయ్యా ఈ పిచ్చివాడు?"

"కమ్మరి అండి. తమరు తన కొలిమికి వచ్చారంటున్నాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి."

"మూడు రోజులుగా నేను ఈ మంచం దిగలేదు. ఏ పని మీద వచ్చానట?"

ఇక దాచి లాభం లేదు. "నెమలి వెన్నుకడ్డీ విరిగిందని..."

"విరిగిందా? నేను మంచం పట్టేదాకా బాగానే ఉందే. వీణ్ణి తీసుకుపోయి చూపించి, ఇంటికి పంపెయ్యండి. ఎండదెబ్బ తగిలినట్టుంది."

కొలువుకూటంలో మాలలు కట్టేవారు ఎల్లుండి ఉత్సవానికి స్తంభాలకు పూలు చుడుతున్నారు. సింహాసనం పైన నెమలి చెక్కుచెదరకుండా ఉంది. పింఛం నిండుగా విప్పి ఉంది. వెయ్యిన్నొక్క కన్నులూ మెరుస్తున్నాయి. ఒక్క కన్ను కూడా వాలిపోలేదు.

విరగని ఊచకు మారు ఊచ ఎందుకు? లేని జబ్బుకు ఇద్దరు వైద్యులు వచ్చి రెండు మందులు రాసినట్టుంది. కేతోజు ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు. ఆ నిట్టూర్పుకు దీపాలు రెపరెపలాడాయి, పూలమాల ఊగింది. పింఛం మాత్రం కదలలేదు.

చిన్నప్పుడు తాత భుజం మీద కూర్చుని ఇదే నెమలి కింద అతను తుమ్మాడు. ఆ తుమ్ముకు వెయ్యి రంగులు గోడల మీద పరుగులు తీశాయి. అదెలా మరిచిపోతాడు?

"ఒక్కసారి దగ్గరగా చూసి దిగుతానన్నా," అని ద్వారపాలకుడిని బతిమాలి, మాలలవారి నిచ్చెన ఎక్కాడు. వేలితో నెమలి పొట్ట మీద తట్టాడు. కంచు ఖంగుమనాలి. ఇది తట్టిన చోట లొత్తపడి మళ్ళీ ఉబ్బింది. అరచేయి ఆనించాడు. వెచ్చగా ఉంది. లోపల ఏదో నెమ్మదిగా కొట్టుకుంటోంది.

తల ఎత్తాడు. పగడపు ముక్కుకు పైన నెమలి కన్ను రెప్ప వేసింది.

మరుక్షణం ఆ ముక్కు అతని చెవి పక్కనుంచి కత్తిలా దూసుకుపోయి నిచ్చెన మెట్టును రెండు ముక్కలు చేసింది. కేతోజు వెల్లకిలా ఎగిరి కింద బంతిపూల రాశిలో పడ్డాడు. ద్వారపాలకుడు అటు తిరిగి చూసేసరికి పక్షి మళ్ళీ కంచుబొమ్మలా కదలక మెదలక ఉంది. అతనికి కనిపించింది విరిగిన నిచ్చెన, పూలలో కొట్టుకుంటున్న కమ్మరి.

"నెమలిని విరగ్గొట్టబోయాడు, పట్టుకోండి," అని అరిచాడు.

కేతోజు లేచి ఉరికాడు. వెనక ఆరుగురు భటులు. వంటశాలలో దూరి, అన్నపు గుండిగల మధ్య దాటి, గోడ దూకితే గజశాల. అక్కడ ఒక పట్టపుటేనుగును నదీస్నానానికి తోలుకుపోతున్నారు. దాని మీద పరిచిన జరీ కంబళి మోకాళ్ళ దాకా వేలాడుతోంది. కేతోజు కంబళి కిందికి దూరి, గంట కట్టిన మోకును చేతులతో, కాళ్ళతో పెనవేసుకుని ఏనుగు పొట్ట కింద గబ్బిలంలా వేలాడాడు. అతని ఊరూ పేరూ తెలియని భటులు గజశాల అంతా గాలించారు. ఏనుగు తన కింద ఏదో చక్కిలిగింతగా ఉన్నట్టు రెండుసార్లు ఆగి, తొండం లోపలికి పెట్టి కేతోజు మొహం తడిమి, ఏమనుకుందో మళ్ళీ నడిచింది. కోటద్వారం దాటింది.

పొద్దు వాలకముందే అతను కొలిమి చేరాడు. ఒళ్ళంతా బంతిరేకులు, ఏనుగు వాసన. జరిగింది చెబితే ఏచమ్మ నవ్వలేదు.

"అయితే ఆడ ఉన్నది నెమలి కాదు."

"కాదత్తా. నెమలి ఇంకెక్కడో ఉంది. దాని వెన్ను నిజంగానే విరిగి ఉంటుంది. మన దగ్గరికి వచ్చిన ఇద్దరిలో ఒకడు దాన్ని బాగుచేయాలని వచ్చాడు. ఇంకొకడు బాగుపడకూడదని వచ్చాడు. ఎవడేంటో తెలియడం లేదు. ఇద్దరూ మంత్రి కాదు. అసలు మంత్రికి నేనే పిచ్చివాణ్ణి."

ఏచమ్మ సమ్మెట పక్కన పెట్టింది. "అడిగినోడి సంగతి వదిలెయ్యి. ఊచ సంగతి చెప్పు. మీ తాత నెమలి వణికేదా?"

"వణికేది."

"ఏ పదునుకు వణుకుతుంది?"

కేతోజు లేచి తిత్తి దగ్గరికి పోయాడు.

మర్నాడు తెల్లవారేసరికి ఊచ ఎనిమిది పలకలు దాటి గుండ్రన తిరిగింది. ఆకురాయితో నునుపు చేశాక తొమ్మిది వెండి ఉంగరాలూ తొమ్మిది ముడుల దగ్గర ఎక్కడివక్కడ బిగిశాయి. పెరట్లో పొడవునా కందకం తవ్వి బొగ్గులు రాజేశారు. ఊచ మొదలు నుంచి మొన దాకా ఒకే ఎరుపు పట్టగానే, ఇద్దరూ చెరో కొస పట్టకారుతో పట్టి, నీళ్ళు నింపిన తాటిదోనెలో ఒక్కసారిగా ముంచారు. దోనె బుసకొట్టింది. ఇప్పుడు ఆ ఊచ రాయిలా గట్టిది, గాజులా పెళుసు. కేతోజు దానిని ఇసుకతో తెల్లగా తోమి, ఆరిపోతున్న నిప్పుల మీద నెమ్మదిగా జరపసాగాడు. తెల్లని లోహం మీద ముందు లేత ఎండుగడ్డి రంగు పాకింది.

ఇక్కడ ఆపితే మధ్యాహ్నం వచ్చినవాడి మాట నిలుస్తుంది. ఆపకపోతే తన చేతులు నిలవకపోవచ్చు. ఏచమ్మ నిప్పులు సర్దుతూనే ఉంది. గడ్డిరంగు ముదిరింది. వంగపండు రంగు తిరిగింది. ఆ వెనక మొదలు నుంచి మొన దాకా, గాలికి పచ్చిక మీద నీడ జరిగినట్టు, నెమలికంఠపు నీలం పరుచుకుంది. అప్పుడు తీసి బూడిదతో, చింతపండుతో తోమాడు. రంగంతా పోయి ఊచ వెన్నెలకడ్డీలా తెల్లబడింది. ఇక దాని పదును కంటికి తెలియదు.

పొద్దెక్కేసరికి పల్లకీ వచ్చింది. దాని వెనకే నల్లగుర్రం వచ్చింది.

ఇద్దరు సోమంకరులు ఒకరికెదురుగా ఒకరు నిలబడ్డారు. ఒకే గడ్డం, ఒకే శాలువ, ఎడమ చేతి మీద ఒకే మచ్చ. బోయీలు పల్లకీ దించి పరుగులంకించుకున్నారు.

"ఊచ నాకివ్వు. వాడు మాయావి," అన్నాడు గుర్రం దగ్గరివాడు.

"ఊచ నాకివ్వు. మాయావి వాడే," అన్నాడు పల్లకీ దగ్గరివాడు.

ఏచమ్మ నెమ్మదిగా సమ్మెట అందుకుంది. "మంచంలో ఉన్నాయనతో కలిపి ముగ్గురయ్యారు. సాయంత్రానికి ఇంకెంతమంది వస్తారో, ఎసట్లో ఎన్ని గింజలు పొయ్యాలో చెప్పండి."

కేతోజు ఒకరి మొహం చూశాడు, రెండో మొహం చూశాడు. చూసేకొద్దీ తికమక పెరిగింది. చివరికి మొహాలు వదిలేసి ఊచను చేతిలోకి తీసుకున్నాడు.

"దేవరలిద్దరికీ దండం. చెప్పినట్టే చేశాను. పదును సరిపోయిందో లేదో వంచి చూపిస్తా. ఆ తర్వాత ఎవరిదైతే వారు తీసుకోండి."

మొదలును దాగలి బెజ్జంలో దిగ్గొట్టి, మొన పట్టుకుని వెనక్కి నడవసాగాడు. ఊచ వంగింది. వంగి విల్లయింది. ఇంకా లాగాడు. ఉలి పదునున్న ఊచైతే ఈపాటికి వంద ముక్కలై, ముక్కముక్కా బాణమై, వాకిట్లో ఉన్నవాళ్ళ కళ్ళలో దిగి ఉండేది. కేతోజు ఊచను చూడడం లేదు. ఇద్దరు మంత్రులనూ చూస్తున్నాడు.

పల్లకీ దగ్గరివాడు ఊపిరి బిగబట్టి, ఆశగా ఇంకో అడుగు ముందుకు వేశాడు. గుర్రం దగ్గరివాడు శాలువతో మొహం కప్పుకుని గుర్రం వెనక్కి దూకాడు.

"అత్తా, గుర్రం వెనకాయన," అన్నాడు కేతోజు.

ఏచమ్మ ఇంకేమీ అడగలేదు. సమ్మెట గాలిలో సగం చుట్టు తిరిగి ఆ మంత్రి రొమ్ము మీద పడింది. వాడు ఎగిరి తాటిదోనెలో పడితే దోనె బోర్లాపడి వాణ్ణి కప్పేసింది. ఆమె వెళ్ళి దాని మీద కూర్చుంది.

పల్లకీ దగ్గరి మంత్రి బుగ్గలోంచి ఒక ఎర్రని గుళిక తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. గడ్డం మంచులా కరిగింది. శాలువ కింద నిలబడి ఉన్నది ఇరవై ఏళ్ళ యువతి. కొలిమిమిట్టలో ఆమెను ఎరగనివారు లేరు. యువరాజు అక్క హిరణ్మయి.

కేతోజు దండం పెట్టబోయి, ఊచ చేతిలో ఉన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు. "తమరు వ్రతం పట్టి తపోవనంలో ఉన్నారని చాటింపు వేశారు కదమ్మా."

"వేయించింది నేనే. నిన్నటి నీ గొడవ కోటంతా మారుమోగింది. ఆ పక్షి రెప్పపాటు నువ్వు నిన్న చూసి ఉంటావు, నేను పది రోజుల కిందటే చూశాను. ఉలూకనాథుడనే మాంత్రికుడు అసలు నెమలిని తన గుహకు ఎత్తుకుపోయి వెన్ను విరిచాడు. తన పక్షిని సింహాసనం పైన కూర్చోబెట్టాడు. రేపు నా తమ్ముడు కూర్చోగానే అది మీదికి దూకుతుంది. చెబితే ఎవరు నమ్ముతారు? నిన్నే నమ్మలేదు కదా. అందుకే గుహలో దూరి, నెమలినీ వాడి గుళికల్లో ఒకదాన్నీ తెచ్చాను."

"మరి తమరితో కూడా అనొద్దని..."

"నా వెనకే వాడూ అదే రూపంలో వస్తాడని భయపడ్డాను. వచ్చాడు. నువ్వు చెప్పేశావు."

కేతోజు తల దించుకున్నాడు. హిరణ్మయి పల్లకీ తెర తీసింది. లోపల కంచు నెమలి ఒరిగి ఉంది. పింఛం మూసిన గొడుగులా ముడుచుకుపోయింది. గాజు కన్నులు పొగచూరాయి. వీపు మీది గాడిలో విరిగిన పాత ఊచ మొదలు గుచ్చుకుని ఉంది. కేతోజు దానిని పట్టకారుతో మెలిపెట్టి లాగాడు. తాత సుత్తిదెబ్బలు దాని మీద ఇంకా కనిపిస్తున్నాయి. కొత్త ఊచ దాగలిలోంచి ఊడదీసి, మొదలును ఆ గాడి వైపు తిప్పాడు. జానెడు దూరం ఉంది.

"ఒరే కేతా, దోనె లేస్తోందిరా," అంది ఏచమ్మ.

ఆ మాట పూర్తయ్యేసరికి దోనె రెండుగా చీలింది. ఆమె బొగ్గుల గుట్ట మీద పడింది. సమ్మెట దెబ్బకు మాయ చెదిరిన మాంత్రికుడికి ఇక సొంత రూపం ఒక్కటే మిగిలింది. ఎద్దంత గుడ్లగూబ రెక్కలు విప్పింది. ఆ గాలికి కొలిమి నిప్పులు వానలా కురిశాయి. అది ఊచ కోసం వెతుక్కుంటూ కాళ్ళు చాపింది. గోళ్ళకు ఊచ మొన తగిలింది. పట్టుకుని పైకి లేచింది.

కేతోజు మొదలు వదల్లేదు. ఎందుకు వదల్లేదని తర్వాత చాలామంది అడిగారు. కాళ్ళు నేలను వదిలాయి. చింతచెట్టు చిటారుకొమ్మ మడమను గీరింది. కొలిమిమిట్ట చేటంత అయింది, తర్వాత గుప్పెడంత అయింది. ఏచమ్మ పిడికిలెత్తి ఏదో అంటోంది, వినిపించలేదు. హిరణ్మయి నల్లగుర్రం ఎక్కి, నెమలిని ముందు అడ్డంగా వేసుకుని, అతని నీడ వెంట నేల మీద దౌడు తీస్తోంది. ఊచ వంగి, లేచి, మళ్ళీ వంగింది. అతను చేంతాడుకు కట్టిన చెంబులా ఊగుతున్నాడు.

కొంతదూరం పోయాక పక్షి ఒకవైపు ఒరిగింది. మళ్ళీ రెండోవైపు ఒరిగింది. కేతోజు పైకి చూశాడు. దాని పసుపుపచ్చని కళ్ళు ఎండకు గట్టిగా మూసుకుపోయి నీళ్ళు కారుతున్నాయి. గుడ్లగూబకు పగలు కనిపించదు. కానీ అతనికి కనిపిస్తోంది. ఎదురుగా నల్లకొండ నిటారుగా పెరిగి వస్తోంది.

"కుడికి తిరుగు," అని అరిచాడు.

"ఎవడ్రా అది?" పక్షి గొంతు ఉరిమింది. "ఊచ ఇంత బరువెందుకుందా అనుకున్నాను."

"కమ్మరిని. ఎదురుగా కొండ. తిరగకపోతే ఇద్దరం పోతాం."

"అబద్ధం."

అనడమే తడవు రెక్క చివర రాతికి ఒరుసుకుని నాలుగు ఈకలు రాలాయి. పక్షి కీచుమంటూ కుడికి తిరిగింది. కొండ పక్కనుంచి వడిగా జారిపోయింది. ఆ తర్వాత మాంత్రికుడు ఇష్టం లేని గొంతుతో అడిగాడు: "ఇప్పుడెటు?"

కేతోజు చుట్టూ చూశాడు. ఎన్నడూ చూడని అడవులు, పేరు తెలియని నది, పొగమంచులో మునిగిన కొండలు. తూర్పేదో పడమరేదో తెలియలేదు. నగరం ఎటు ఉండిపోయిందో తెలియలేదు. నల్లగుర్రం జాడ లేదు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. పక్షి జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"ఎడమకు," అన్నాడు, ఎడమన ఏముందో తనకే తెలియకపోయినా.

పక్షి ఎడమకు తిరిగింది. పొద్దు గుంకేదాకా దానికి కళ్ళు అతనే, రేపటి పట్టాభిషేకానికి కావలసిన ఊచ ఇంకా అతని చేతిలోనే ఉంది.